రంపం మీద మామా అల్లుళ్ళు

వీధిలో అందరూ అతన్ని లిఫ్టాయన అనేవారు. ఊళ్ళో ఎత్తు భవనాల లిఫ్టులన్నీ బాగుచేస్తూ బతికే మనిషి, తను మాత్రం లిఫ్టు లేని భవనంలో నాలుగో అంతస్తులో కాపురం ఉండేవాడు. ఎవరైనా ఎగతాళి చేస్తే, "ఇంటికొచ్చాక కూడా దాని మొహమే చూడమంటారా?" అని నవ్వేసేవాడు.

అతని పనంతా చీకట్లో. లిఫ్టు పెట్టె పైకప్పు మీద నిలబడి, నెత్తికి కట్టుకున్న లైటు వెలుగులో పట్టాలకు గ్రీజు రాసేవాడు. ఇనపతాళ్ళలో పోగులేమైనా తెగాయేమోనని గుడ్డతో తడిమి చూసేవాడు. కింద పన్నెండు అంతస్తుల లోతున్నా అతనికి చీమ కుట్టినట్టు కూడా ఉండేది కాదు. నాలుగు పక్కలా గోడలుంటాయి కదా! ఆదివారం వస్తే సోఫాలో వాలి టీవీ చూడడమే అతనికి తెలిసిన సుఖం. నడివయసు పూర్తిగా రాకముందే బొజ్జ వచ్చేసింది.

మామగారిది దీనికి పూర్తిగా ఎదురు తీరు. పోస్టుమ్యాన్‌గా జీవితమంతా నడిచిన మనిషి. రిటైరైనా కాలు ఒకచోట నిలవక కొండలు పట్టుకున్నాడు. డెబ్బైకి దగ్గరపడినా ఎండిన కర్రలా గట్టిగా ఉండేవాడు. ప్రతి ఆదివారం పాత స్నేహితుడొకాయనతో కలిసి ఏదో ఒక కొండ ఎక్కి వచ్చేవాడు. ఆ స్నేహితుడు మోకాలి ఆపరేషన్‌తో మంచం పట్టాడు. "అయితే ఏం? ఒక్కణ్ణే పోతా" అన్నాడు మామగారు. అదీ ఎక్కడికి? రంపానికి.

రంపమంటే ఊరికి ఉత్తరాన ఆకాశంలోకి పొడుచుకొచ్చినట్టుండే రాతి వరస. రెండు పక్కలా లోయ, మధ్యలో పళ్ళు పళ్ళుగా రాళ్ళు. అన్నిటికన్నా ఎత్తయిన చివరి పన్నే శిఖరం.

ఈ కబురు కూతురి చెవిన పడింది. ఆమెది ఆ భవనంలోనే కింద టైలరు కొట్టు. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. సూదులు తీయకుండానే మొదలెట్టింది.

"దీపాలు కొండెక్కడం విన్నాను కానీ, ఈ వయసులో నువ్వు కొండెక్కడమేంటి నాన్నా? అదీ ఒక్కడివే!"

"ముందు ఆ సూదులు తియ్యవే. తిట్టే ఆవేశంలో మింగేస్తావు."

ఆయన పట్టిన పట్టు విడిచే రకం కాదని ఆమెకు తెలుసు. ఇక చేసేదిలేక మొగుడి వైపు తిరిగింది. "ఏమండీ, మీరూ వెళ్ళండి."

"నేనా?" అన్నాడు లిఫ్టాయన, ఎవరో వెనక నిలబడి ఉన్నట్టు అటు తిరిగి చూస్తూ.

"మీరే. ఎక్కడ ప్రమాదమనిపిస్తే అక్కణ్ణుంచి నాన్న చెయ్యి పట్టుకుని వెనక్కి లాక్కురండి. అంతే మీ పని."

అలా కాపలాకని బయల్దేరాడు లిఫ్టాయన.

బస్సు చివరి స్టాపులో దింపింది. చెట్ల మధ్య దారి మొదలైందో లేదో అతనికి ఆయాసం అందుకుంది. మామగారు కూనిరాగం తీస్తూ, అలవాటైన వీధిలో ఉత్తరాలు పంచుతున్నట్టు తాపీగా ముందు నడుస్తున్నాడు. చెట్లు అయిపోయాయి, గడ్డి వాలు అయిపోయింది, ఇక రాయి మొదలైంది.

"ఇక్కణ్ణుంచి చేతులు కూడా కాళ్ళే అల్లుడూ" అన్నాడు మామగారు. "రెండు చేతులు, రెండు కాళ్ళు. నాలుగింట్లో మూడు ఎప్పుడూ రాయినే పట్టుకుని ఉండాలి. ఒక్కటే కదలాలి. ఇంతకుమించి నాకూ ఏం తెలీదు."

మొదటి పన్ను మీదికి తల ఎత్తాక గానీ లిఫ్టాయనకి అసలు సంగతి తెలియలేదు. ఎడమ పక్క లోయ, కుడి పక్క లోయ. కింద బస్సు అగ్గిపెట్టెలా కనిపిస్తోంది. అతను బల్లిలా రాయికి కరుచుకుపోయాడు.

"మామయ్యగారూ, గోడలు లేవండీ!"

"కొండకి గోడలేంటయ్యా! చేతికింద ఏముందో అది చూడు. మిగతాది చూడమని నిన్నెవరు అడిగారు?"

చేతికింద ఏముందో చూశాడు. గరుకైన, చల్లని రాయి. వేళ్ళు దూరేంత చీలిక. అరచేత్తో తట్టి చూశాడు, లాగి చూశాడు. కదల్లేదు. బరువు వేశాడు, ఆగింది. ఇంకో చీలిక, ఇంకో అంచు. ప్రతిదాన్నీ తట్టడం, లాగడం, అప్పుడు బరువు వేయడం. ఎప్పుడు మొదటి పన్ను దాటాడో, ఎప్పుడు రెండోదాని మీదికొచ్చాడో అతనికే తెలియలేదు. నిలబడ్డాడు. గాలి ఒక్క ఊపున వచ్చి చొక్కాను బుంగలా ఉబ్బించింది. చుట్టూ ఎటు చూసినా ఆకాశమే. ఒక గద్ద అతని కాళ్ళ కిందుగా ఎగురుతూ పోయింది. పక్షి వీపును పైనుంచి చూడడం జీవితంలో అదే మొదటిసారి! గొంతులోంచి తనకే తెలియని కేక ఒకటి వచ్చింది. ఆ కేకకి ఎదురు కొండ బదులిచ్చింది.

"ఇంకెన్ని పళ్ళున్నాయి మామయ్యగారూ?" ఒళ్ళంతా జివ్వుమంటోంది.

మామగారు ముందుకి చూడడం లేదు. పడమర వైపు చూస్తున్నాడు. అటు మబ్బు నల్లగా లేస్తోంది.

"పద, వెనక్కి పోదాం."

"అదేంటండీ, ఇంత దూరం వచ్చి! వాన పడేలోపు శిఖరం ముట్టుకుని వచ్చేద్దాం."

"రాయి తడిస్తే సబ్బుబిళ్ళే అల్లుడూ. నీకేమన్నా అయితే నా కూతురికి నేనేం సమాధానం చెప్పుకోను?"

చిన్నపిల్లాణ్ణి సంతలోంచి లాక్కొచ్చినట్టు ముసలాయన అతని చెయ్యి పట్టుకుని దింపుకొచ్చాడు. చెట్ల దగ్గరికి చేరేసరికి వాన దబదబా దంచింది. ఇద్దరూ ముద్దముద్దగా తడిసి ఇంటికొచ్చారు.

"పోనీలే, నాన్నని వెనక్కి తెచ్చారు" అంది ఆమె తువ్వాళ్ళు అందిస్తూ.

"ఎవరు ఎవర్ని తెచ్చారు?" అన్నాడు మామగారు తల తుడుచుకుంటూ. "మీ ఆయన మేకపోతులా రాళ్ళెక్కి పోతుంటే నేను మెడబట్టి లాక్కొచ్చాను!"

ఆ వారమంతా లిఫ్టాయన మనిషి మనిషిలో లేడు. ఇంటి మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. పనికి వెళ్ళిన ప్రతి భవనంలోనూ మేడ మీదికెక్కి ఉత్తరం వైపు చూసొచ్చాడు. అన్నం తింటూ పళ్ళెంలో ముద్దలు వరసగా పేర్చి, ఇది మొదటి పన్ను, ఇది రెండోదని పెళ్ళానికి చూపించాడు. గద్ద సంగతి ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

"చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతున్నారు!" అంది ఆమె చివరికి. "ఈసారి నేనూ వస్తాను. అంతగా అక్కడ ఏం ఉద్ధరిస్తున్నారో చూస్తాను."

అన్నట్టే మందపాటి గుడ్డ కోసి, మోకాళ్ళ దగ్గరా వెనకా రెండు మడతలు వేసి, ముగ్గురికీ మూడు ప్యాంట్లు కుట్టింది.

ఆదివారం ఆకాశం కడిగిన అద్దంలా ఉంది. మొదటి పన్ను దగ్గర లిఫ్టాయన పెళ్ళానికి నాలుగింట మూడు సూత్రం గంభీరంగా బోధిస్తుండగానే ఆమె ఎక్కేసి పైనుంచి, "తర్వాత?" అంది. మామగారు పొట్ట పట్టుకుని నవ్వాడు. రెండో పన్ను, మూడో పన్ను దాటారు. ఆ తర్వాత దారి సన్నబడి పిట్టగోడంత అయింది. ముగ్గురూ గుర్రమెక్కినట్టు దాని మీద ఒక్కో కాలు ఒక్కో పక్క వేసి కూర్చుని, చేతులు ఊనుకుంటూ జరిగారు. గాలి ఒక్కసారి విసిరి కొట్టేసరికి లిఫ్టాయన కళ్ళు మూసుకున్నాడు.

"ఏమండీ, నిద్రొస్తోందా?" అని ముందునుంచి పెళ్ళాం అరిచింది. నవ్వొచ్చింది. నవ్వుతో భయం ఎగిరిపోయింది.

ఇక చివరి పన్ను. రెండు నిలువుల ఎత్తు రాయి. ఆమె ఒక చీలికలో బూటు దూర్చి, పై అంచు అందుకుని సర్రున ఎక్కిపోయింది. మామగారు ముందుకొచ్చాడు. కాలు ఎత్తాడు. ఆ చీలిక అందలేదు. మళ్ళీ ఎత్తాడు. బెత్తెడు తక్కువ. మూడోసారి ప్రయత్నించి, కాలు దించి, రాయికి వీపు ఆనించి కూర్చున్నాడు.

"ఇదివరకు వాడు భుజం ఇచ్చేవాడు" అన్నాడు, మంచంలో ఉన్న స్నేహితుణ్ణి తలుచుకుని. "మీరిద్దరూ వెళ్ళిరండి. నేనిక్కడ ఎండ కాచుకుంటా."

లిఫ్టాయన రాయి పక్కన ఒంగి, రెండు చేతులూ గోడకి ఆనించాడు. "నా భుజం మీద కాలు పెట్టండి మామయ్యగారూ."

"హవ్వ! అల్లుడి భుజం మీద బూటు కాలా? లోకం ఏమంటుంది?"

పైనుంచి కూతురి గొంతు ఖంగుమంది. "లోకం కింద ఉంది నాన్నా! ఇక్కడ మనం ముగ్గురమే ఉన్నాం. ఎక్కు!"

ముసలాయన ఇటు చూశాడు, అటు చూశాడు. బూటు విప్పబోయాడు. "విప్పకండి, జారుతుంది" అన్నాడు అల్లుడు. ఆఖరికి బూటుతోనే అతని భుజం మీద కాలు మోపాడు. లిఫ్టాయన ఒంట్లోని సత్తువంతా మోకాళ్ళలోకి తెచ్చుకుని మెల్లగా లేచాడు. చీలిక అందింది. పైనుంచి కూతురు ముంజేతిని అందుకుంది. ఒక తోపుడు, ఒక లాగుడు, ఆయన అంచు మీదికి దొర్లాడు. వెనకే లిఫ్టాయన ఆఖరి అంచు పట్టుకుని లేచాడు.

అంతకుమించి ఎత్తు లేదు! ఉత్తరాన వాళ్ళు ఊహించని కొండలు, ఒకదాని వెనక ఒకటి, నీలంగా చూపు ఆనినంత మేరా ఉన్నాయి. ఎవరు ముందు అరిచారో తెలియదు. ముగ్గురూ గొంతులు పోయేలా అరిచారు. మామగారు అల్లుణ్ణి కావలించుకున్నాడు. కూతురు ఉడకబెట్టిన గుడ్లు తీసింది. అవి ఎప్పుడో నలిగి పిప్పయ్యాయి. అంత రుచైన గుడ్లు తామెన్నడూ తినలేదని ఏకగ్రీవంగా తీర్మానించారు.

"అల్లుడి నెత్తికెక్కిన మామ" అని వీధిలో కొన్నాళ్ళు నవ్వుకున్నారు. అందరికన్నా ముందు ఆ మాట చెప్పుకు తిరిగింది మామగారే.

ఆ తర్వాత కొన్నేళ్ళుగా లిఫ్టాయన ఆదివారాలన్నీ కొండల మీదే గడుస్తున్నాయి. బొజ్జ ఎటు పోయిందో పోయింది. ఆమె కుట్టిన ప్యాంట్లు చూసి కొండలెక్కేవాళ్ళు కొట్టుకి రావడం మొదలెట్టారు. మామగారు ఇప్పుడు గడ్డి వాలు దాటి పోవడం లేదు. అక్కడే చాప పరుచుకుని, బైనాక్యులర్స్‌తో వాళ్ళని చూస్తూ, వినపడదని తెలిసినా, "ఎడమ కాలు, ఎడమ కాలు!" అని అరుస్తూ కూర్చుంటాడు. శనివారం సాయంత్రమైతే చాలు, ఆ ఇంట్లో మ్యాపు చుట్టూ ముగ్గురి మధ్యా రేపు ఏ కొండ అన్నదాని మీద పెద్ద రగడ. కింది అంతస్తువాళ్ళు పొడుగుకర్రతో తమ పైకప్పుని కిందనుంచి పొడిచేదాకా అది తెగదు.