చాకీ కేంద్రంలో దానంతట అదే మారిన తెర

ఆ రోజుల్లో, అంటే మా చింతామణిలో కంప్యూటరు మీద దుమ్ము పడకుండా పాత చీరముక్క కప్పే రోజుల్లో, ప్రోగ్రాము తప్పు చేస్తే రాసినవాణ్ణి తప్ప ఇంకెవరినైనా అనుమానించేవారు. నేనూ అంతే.

బట్లహళ్ళి దారిలో ఒక చాకీ కేంద్రం ఉండేది. పట్టుపురుగులను గుడ్డు పగిలిన నాటి నుంచి రెండో జ్వరం దాకా పెంచి రైతులకిచ్చే చోటు. (పురుగు కుబుసం విడిచే ముందు మేత మాని కదలకుండా ఉండడాన్ని జ్వరమంటారు. అప్పుడు ఆకు వేయకూడదు.) దాన్ని నడిపే ఆవిడ అందరికీ చాకీ అక్క. పురుగులకు ఎప్పుడు ఆకు వేయాలో, ఎప్పుడు ఆపాలో తెర మీద చెప్పే ప్రోగ్రామొకటి ఆమె కోసం రాశాను. అంతకుముందు నా ప్రోగ్రాముల్లో ఏ బటన్ ఎప్పుడు పనిచేస్తుందో నాకే తెలిసేది కాదు. కొత్తగా స్టేట్ మెషీన్ పద్ధతి చదివి, కాగితం మీద ఒక్కో దశకు ఒక్కో సున్నా చుట్టి, ఏది జరిగితే ఏ దశలోకి పోవాలో బాణాలు గీశాను. తెర జ్వరం దశలో ఉంటే 'మేత' బటన్ బూడిదరంగుకు మారుతుంది, నొక్కినా పలకదు. ఇక తప్పు జరగదని గర్వపడ్డాను.

మా నాయన పోయిన ఆరో రోజు అక్క ఫోన్ చేసి రమ్మంది. మైలలో ఉన్నవాడు పురుగుల ఇంట్లోకి రాకూడదు కనక నన్ను కిటికీ బయట నిలబెట్టి, తెరను నా వైపు తిప్పింది.

"ఎవురూ ముట్టలేదప్పా. నేను సూస్తాండంగానే దానంతట అదే జ్వరంలోకి పోయింది."

"పురుగులు ఎట్లుండాయి?"

"తలకాయలెత్తి ఆకు కోసం ఎతుకుతాండాయి."

"మరి ఆకు వెయ్యక్కా!"

"ఎట్లేసేది? వద్దంటాండేది మీ నాయన." గొంతు తగ్గించింది. "నిన్నంటే బయట నిలబెట్టినా. ఆయన్ని నిలబెట్టేదానికి నాకెట్ల అవుతాది?"

నవ్వాలి. నవ్వు రాలేదు. లోపల తట్టల్లో వెంట్రుకంత సన్నని తలలు వేలకొద్దీ, చప్పుడు లేకుండా, ఒకే వైపు ఊగుతున్నాయి. "ఇంకేమన్నా చేసినాడా?" అని అడిగాను. (ప్రోగ్రాము రాసినవాడు అడగవలసిన మొదటి ప్రశ్న ఇది కాదు.)

"ఇంకేమీ లేదప్పా."

సాయంత్రంలోగా ఆకు పడకపోతే ఆ పురుగులన్నీ పోతాయి. పోయిన మనిషి మాట కాదని అక్క ఆకు వేయదు. సంచిలోంచి సున్నాల కాగితం తీసి చూశాను. మేత నుంచి జ్వరానికి ఒక బాణం, దాని మీద 'మూడు రోజులు గడిస్తే' అని ఉంది. ఆ వారం చలికి పురుగులు వెనకబడ్డాయి, గడియారం వెనకబడలేదు. ఆసుపత్రి వరండాలో నాయన మంచం పక్కన కూర్చున్న రోజుల్లో గీసి ఉంటాను. గీసిన గుర్తు లేదు. రాత మాత్రం నాదే. కిటికీ ఊచల్లోంచి కాగితం చాపి చూపించాను.

"అయితే నువ్వేనా?" అంది అక్క నిరాశగా. ఆకు తరగడానికి వెళ్ళింది.

ఆ బాణం తీసేసి, అక్క కళ్ళారా చూసి నొక్కితేనే దశ మారేలా సరిచేశాను. ఆ తర్వాత చాలా రోజులు ఫోన్ చేసేవాణ్ణి. "మళ్ళీ దానంతట అదే ఏమన్నా మారిందా అక్కా?" "లేదప్పా, బాగుండాది." సంతోషమని పెట్టేసేవాణ్ణి. తను దిద్దింది పనిచేస్తున్నందుకు అంత దిగులుపడిన ప్రోగ్రామరును నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే కొంచెం నవ్వొస్తుంది.