ఆ లాంచీలో నన్ను మాస్టర్ అన్నవారు లేరు

1983 జనవరిలో విశాఖపట్నంలో ఒక ప్రైవేటు లాంచీకి నేను మాస్టర్‌గా, అంటే దాన్ని నడిపించే అధిపతిగా, చేరాను. అంతకు ముందు చాలా ఏళ్ళు రేవులోనే ఓడలను లాగే టగ్గుల మీదా, లంగరు వేసిన ఓడలకు మంచినీళ్ళు చేరవేసే పడవల మీదా పనిచేశాను. మాస్టర్ హోదా ఎవరో దయతలచి ఇచ్చేది కాదు. దిక్సూచి, దీపాల నియమాలు, ఆటుపోట్ల లెక్క చదువుకుని, పరీక్షాధికారి ఎదుట నిలబడి జవాబులు చెప్పి తెచ్చుకోవలసిన సర్టిఫికెట్ అది. లాంచీ రేవు దాటి బయటికి వెళ్ళాలంటే ఇచ్చే అనుమతి కాగితంలో యజమాని పేరు ఒకచోట, మాస్టర్ పేరు మరొకచోట ఉంటాయి. పడవ ఎవరిదో మొదటి పేరు చెబుతుంది. నీటి మీద ఎవరి మాట చెల్లుతుందో రెండో పేరు చెబుతుంది.

ఈ తేడా మా యజమాని సత్యనారాయణకు చివరిదాకా తలకెక్కలేదు.

అవి ఉక్కు కర్మాగారం కడుతున్న రోజులు. సత్యనారాయణ గోదావరి జిల్లా నుంచి వచ్చి, మట్టిపని కాంట్రాక్టుల్లో పైకొచ్చిన మనిషి. ఎక్కడో పాత లాంచీ ఒకటి కొని, తెల్లరంగు వేయించి, పైన గుడ్డ పందిరి కట్టించి, పేము కుర్చీలు వేయించాడు. తనకు పనికొచ్చే అధికారులను సముద్రం మీద తిప్పడానికే దాన్ని కొన్నాడు. అందులో నాకు అభ్యంతరం లేదు. చేరిన రోజునుంచే నన్ను డ్రైవరు అని పిలిచాడు. అందులో ఉంది.

లాంచీలో డ్రైవరు అనే హోదా నిజంగానే ఉంది. అది కింద ఇంజను గదిలో ఉండే మనిషిది. మా డ్రైవరు జోసెఫ్, వన్ టౌన్ వాడు. సత్యనారాయణ పైనుంచి "డ్రైవరూ" అని కేకేస్తే జోసెఫ్ నూనె చేతులతో మెట్లెక్కి వచ్చేవాడు. "నువ్వు కాదయ్యా, పై డ్రైవరు" అనేవాడాయన. జోసెఫ్ నావైపు తిరిగి, "పై డ్రైవరుగారూ, తమరినేనంట" అని దిగిపోయేవాడు. అతనికది వేళాకోళం. నాకు కాదు.

మిగిలిన ముఖ్యుడు అప్పలసామి. చుక్కాని పట్టేవాడు, మా వాడుకలో సుకానీ అంటాం. కళింగపట్నం వైపు బెస్తవాడ అతనిది. మా జమీ కూడా ఆ వైపుదే. మా తాతగారి కాలంలో ఆ తీరంలోని ఊళ్ళు కొన్ని మా కింద ఉండేవి. నా కాలానికి ఇంటిపేరూ, తెగని దావాలూ మిగిలాయి. దీన్ని నేను లాంచీలో ఎవరికీ చెప్పలేదు. అప్పలసామి చెప్పాడు. నన్ను చూసిన మొదటిరోజే వంగి దండం పెట్టి "బాబూ, తమరా" అన్నాడు. అప్పటినుంచీ బాబూ అనే పిలిచాడు.

చుక్కాని దగ్గర ఒక నియమం ఉంది. మాస్టర్ ఆజ్ఞ ఇస్తే సుకానీ దాన్ని మాటకు మాట తిరిగి పలకాలి, తర్వాతే చక్రం తిప్పాలి. కుడికి తిప్పమని నేను 'స్టార్‌బోర్డ్' అంటే అతనూ 'స్టార్‌బోర్డ్' అనాలి. విన్నది సరిగా విన్నాడని తెలియడానికీ, ఆజ్ఞ ఎవరిదో నలుగురికీ వినబడటానికీ అది. ఇది అప్పలసామికి ఎన్నోసార్లు చెప్పాను. "అలాగే బాబూ" అనేవాడు. మర్నాడు చక్రం దగ్గర కూడా అదే మాట, "అలాగే బాబూ."

జనవరి నెలాఖరులో ఢిల్లీ నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. భార్య, ఇద్దరు పిల్లలు, మెడలో పొడుగు లెన్సు కెమెరా. ఆయనకు జంతువుల ఫోటోలంటే పిచ్చి. సత్యనారాయణ బిల్లులు ఆయన సంతకం కోసం ఎదురుచూస్తున్నాయని లాంచీలో అందరికీ తెలుసు. ఉత్తరంగా కళింగపట్నం దాటి, మనుషులు తక్కువగా తిరిగే తీరమంతా చూపించి తీసుకురావాలని ఏర్పాటు.

తెల్లవారుతూనే యారాడ కొండను కుడివైపు వదిలి బయటపడ్డాం. భీమిలి దాటాక డాల్ఫిన్లు వచ్చాయి. వేగం పెంచి తరమమని సత్యనారాయణ అన్నాడు. తరిమితే పోతాయనీ, ఒకే వేగంతో ఒకే దారిన పోతే వాటంతటవే ముక్కు ముందుకు వచ్చి ఈదుతాయనీ చెప్పాను. అలాగే వచ్చాయి. పిల్లలు కమ్మీ పట్టుకుని కిందికి వంగి చూశారు. నీళ్ళలో అవి పక్కకు ఒరిగి, ఒక కంటితో పైకి చూస్తూ పోతుంటే ఆ అధికారి ఫోటోలు తీయడం కూడా మరిచిపోయాడు. ఆ కొద్దిసేపూ లాంచీలో అందరూ బాగానే ఉన్నారు.

భోజనాల వేళ సత్యనారాయణ నన్ను కుర్చీల దగ్గరికి పిలిపించాడు. "సార్, మా డ్రైవరు ఎవరనుకున్నారు? ఈ తీరమంతా ఏలిన జమీందారు గారి మనవడు. ఇప్పుడు మన బండి తోలుతున్నాడు" అని ఇంగ్లీషులో పరిచయం చేశాడు. ఆ ఇల్లాలు ఇబ్బందిగా పళ్ళెంలోకి చూసింది. మీ తాతగారు ఈ తీరంలో వేటాడేవారా అని అధికారి మర్యాదగానే అడిగాడు. ప్రస్తుతం మనం పన్నెండు ఫాథముల లోతులో ఉన్నామనీ, గాలి ఈశాన్యం నుంచి వీస్తోందనీ చెప్పి నా చోటికి వచ్చేశాను. సత్యనారాయణ ఒక జమీందారీ ఇంటివాణ్ణి కొనుక్కున్నాననుకున్నాడు. నేను పనికి కుదిరింది సర్టిఫికెట్ మీద.

ఆ రాత్రి కళింగపట్నం ఎదుట లంగరు వేశాం. పొద్దున్నే వంశధార మొగ దగ్గరికి చేరాం. నది సముద్రంలో కలిసే చోటును మొగ అంటారు. ఇసుకతిన్నె మీద తెల్లటి పిట్టలు బారులు తీరి ఉన్నాయి. సరుగుడు చెట్ల పైనుంచి ఒక సముద్రపు గద్ద దిగి, కాళ్ళతో చేపను ఎత్తుకుపోయింది. మొగకు దగ్గరగా నీటిమీద తాబేళ్ళు తేలుతున్నాయి, జంటలు జంటలుగా, ఒకదాని వీపు మీద ఒకటి. అది వాటి జతకట్టే కాలం. ఇంజను నెమ్మది చేయించి దూరంగా ఆగాను.

మొగ ముందు ఇసుక ప్రతి వర్షాకాలానికీ చోటు మారుతుంది. ఏ పటంలోనూ సరిగా ఉండదు. ఆటు వేళ నది నీరు బయటికి తోసుకొస్తుంది, సముద్రపు అల లోపలికి వస్తుంది. రెండూ ఢీకొన్నచోట అల నిటారుగా లేచి విరుగుతుంది. అక్కడ అడుగు ఇసుకకు తగిలి లాంచీ అడ్డం తిరిగిందంటే బోల్తా పడుతుంది. మేం వెళ్ళింది సరిగ్గా ఆటు వేళ. లాంచీలో ఇద్దరు పిల్లలున్నారు.

"ఏమోయ్ డ్రైవరూ, సారుకి కనబడటం లేదు. ఇంకా దగ్గరికి పోనీ" అన్నాడు సత్యనారాయణ.

"ఇంతకంటే వెళ్ళకూడదండి."

"లాంచీ వెళ్ళదా, నువ్వు వెళ్ళవా?"

"నేను వెళ్ళనండి."

"మీ తాతగారి సముద్రమనుకున్నావా ఏమిటి?" అని, నన్ను దాటి చక్రం దగ్గరికి పోయి, "అప్పలసామీ, ఎడమకి తిప్పు. నేను చెబుతున్నా, యజమానిని" అన్నాడు.

ఎడమన తీరం ఉంది. అప్పలసామి చేతులు కదల్లేదు. నావైపు చూసి, "బాబూ, ఏటి సెయ్యమంతారు?" అన్నాడు.

"హార్డ్ స్టార్‌బోర్డ్" అన్నాను. అంటే పూర్తిగా కుడికి, సముద్రం వైపుకి.

"అలాగే బాబూ" అని తిప్పాడు.

లాంచీ ముక్కు సముద్రం వైపు తిరిగేలోపే ఎడమన, తాబేళ్ళకు అవతల, ఒక అల గోడలా లేచి విరిగింది. అది లేచిన చోట ఇసుక పసుపుపచ్చగా బయటపడి మళ్ళీ మునిగింది. అధికారి అది చూశాడు. కెమెరాకు మూత పెట్టి పిల్లల పక్కన కూర్చున్నాడు. నేను విశాఖపట్నానికి దారి పట్టించాను.

రేవుకు వచ్చిన వారానికి, తన మాట వినలేదని సత్యనారాయణ నా మీద రేవు అధికారులకు ఫిర్యాదు చేశాడు. ఉద్యోగం పోవడం చిన్న సంగతి. సర్టిఫికెట్ రద్దయితే నాకు వేరే బతుకు తెలియదు. విచారణ జరిపిన అధికారికి సంగతంతా వరుసగా చెప్పాను. ఆటు వేళ మొగలోకి పోకపోవడం సరైనదేనని ఆయన వెంటనే ఒప్పుకున్నాడు. ఢిల్లీ ఆయన ఆ అలను కళ్ళారా చూసినవాడు, నా తరఫున ఒక ముక్క రాయలేదు. ఆ పెద్దరికాన్ని నేను ఇప్పటికీ క్షమించలేదు.

అప్పుడు అప్పలసామిని పిలిచారు. లాంచీని ఎవరి ఆజ్ఞ మీద తిప్పావని విచారణాధికారి అడిగాడు.

"బాబు సెప్పినారండి."

మాస్టర్ హోదాలో చెప్పారా అని మళ్ళీ అడిగాడు.

"మాస్టరేటి, డ్రైవరేటి, అయ్యన్నీ నాకు తెల్దండి. మా తాత ఆరి తాతగారి కాడ పడవ నడిపినోడు. బాబు కుడికి తిప్పమన్నారు, తిప్పీసినాను." అక్కడితో ఆగితే బాగుండేది. నావైపు చూసి, ఛాతీ విరిచి, "బాబు ఎడమకి తిప్పమన్నా నాను తిప్పీసుందును" అన్నాడు.

సత్యనారాయణ పైకే నవ్వాడు. "చూశారా సార్, ఈయన జమీ ఇంకా నడుస్తోంది" అన్నాడు.

బయట వరండాలో అప్పలసామి సంతోషంగా నిలబడి ఉన్నాడు. "ఎలా సెప్పినాను బాబూ?" అని అడిగాడు. నా కొంప ముంచావన్నాను. "అలగంతారేటి బాబూ? అంతమందిలో మీ పరువు నిలబెట్టినాను గదా" అని అతను బాధపడ్డాడు. నాకు జాలి కలగలేదు. యజమాని నన్ను డ్రైవరుకు దించాడు. ఇతను నన్ను తాతగారి పల్లకీ ఎక్కించాడు. నేను చదివి సంపాదించుకున్న ఒక్క హోదానూ ఇద్దరూ కలిసి తుడిచేశారు.

నిర్ణయం ఇలా వచ్చింది: లాంచీని తిప్పడం సబబే. కానీ సుకానీ పాటించింది మాస్టర్ ఆజ్ఞ కాదు, ఒక కుటుంబం మాట. తప్పు ఆజ్ఞనైనా అతను అలాగే పాటించేవాడు. అలాంటి చుక్కాని కింద ప్రయాణికులు క్షేమంగా ఉన్నారనడానికి లేదు. క్రమశిక్షణ నెలకొల్పనందుకు నా సర్టిఫికెట్ ఆరు నెలలు నిలిపివేశారు. చదివి మండిపడ్డాను. అందులో తప్పు వాక్యం కోసం చాలాసార్లు వెతికాను. దొరకలేదు.

సరైన ఆజ్ఞ ఇస్తే చాలదు, అది ఏ హోదాలో వచ్చిందో వినేవాడు పలకాలి. ఈ ఉద్యోగంలో నేను నేర్చుకున్నది అది. ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఏ లాంచీ ఎక్కినా మొదటిరోజే మాస్టర్ అని పిలిపించుకున్నాను. ఆజ్ఞను తిరిగి పలకనివాణ్ణి చుక్కాని దగ్గర నిలబెట్టలేదు.

కొన్నేళ్ళకు నేనున్న టగ్గుకు అప్పలసామి పని అడుగుతూ వచ్చాడు. చక్రం దగ్గర నిలబెట్టి "స్టార్‌బోర్డ్" అన్నాను.

"అలాగే బాబూ" అన్నాడు.

తాళ్ళు పట్టే లస్కరుగా తీసుకున్నాను. చక్రం ఇవ్వలేదు.