నెమలి బండి బేరం

జాబితాలో నా పేరుందని తెలిసిన రోజు నాకు సంతోషం కంటే ముందు భయం వేసింది. సంగారెడ్డిలో టీచరు ట్రైనింగు సీటు అది. మూడేళ్లు దరఖాస్తు పెట్టాను, మూడేళ్లూ రాలేదు. నాలుగో ఏడు వచ్చింది. మరుసటి ఏటికి నాకు వయసు దాటిపోతుంది కనక ఇక మళ్లీ అడిగే వీల్లేదు. ఫీజూ డిపాజిట్టూ వచ్చే గురువారంలోగా కట్టాలి, లేకపోతే సీటు వెనకున్నవాళ్లకి ఇచ్చేస్తారు. ఆ మొత్తం మా ఆయన నాలుగు నెలల జీతం. ఇంట్లో ఉన్నదల్లా బియ్యం డబ్బాలో దాచిన యాభై రూపాయలు.

ఇది డెబ్బై మూడో, డెబ్బై నాలుగో. మేం గుంటూరు వైపు నుంచి పటాన్‌చెరు వచ్చి అప్పటికి ఐదేళ్లు. మా ఆయన అక్కడొక పెద్ద కర్మాగారంలో పాలిషింగ్ పని చేసేవారు. ఇనుమైనా ఇత్తడైనా సరే, ఆయన చేతిలో పడిందంటే అందులో మన మొహం కనపడాల్సిందే. మనిషి మాత్రం నెమ్మది. నేను పది మాటలంటే ఆయన ఒకటి అనేవారు, అదీ పదకొండోసారి అడిగితేనే.

ఇంట్లో అమ్మదగ్గ వస్తువు ఒక్కటే ఉంది, ఆయన మోటార్ సైకిలు. నా గాజులు నాలుగూ అమ్మి కొన్నది.

"బండి అమ్మేద్దామండీ" అన్నాను.

ఆయన టీ గ్లాసు కింద పెట్టి, వాకిట్లో ఉన్న బండి వంక కాసేపు చూసి "సరే" అన్నారు. అంతే. ఆ ఒక్క మాట అనడానికి ఆయనకి ప్రాణం ఎంత విలవిల్లాడిందో నాకు తెలుసు. తెలిసి కూడా జాలి పడలేదు, ఎందుకంటే ఆ బండి నాకు సవతి. ఆదివారం వస్తే ఆయన నా దగ్గర కంటే దాని దగ్గరే ఎక్కువసేపు కూర్చునేవారు.

కొన్నప్పుడు అది అందరి బండ్లలాంటి బండే. ఈయన దాన్ని అలా ఉండనిస్తేగా! ముందు హ్యాండిలు తీసేసి, ఎవరో పోలీసులకి చేతులెత్తేసినట్టు పైకి లేచి ఉండే హ్యాండిలు వంచి పెట్టించారు. తర్వాత లారీ హారను. ఆ తర్వాత సైలెన్సరు మార్పించారు, ఇక ఆ మోత వింటే మా వీధిలో పసిపిల్లలు నిద్రలేచి ఏడ్చేవాళ్లు. వెనక వైపు ఎత్తుగా ఎర్ర రెక్సిను సీటు. నల్ల ట్యాంకుకి ఆకుపచ్చ రంగు వేయించి, లారీల మీద బొమ్మలు వేసే ఆయన చేత రెండు పక్కలా నెమలి వేయించారు. కాకి పిల్ల కాకికి ముద్దు. వీధిలో అందరూ నవ్వుతుంటే ఆయన మాత్రం గుడ్డ పెట్టి నెమలి తోక తుడుచుకునేవారు.

ఇవన్నీ ఒక ఎత్తు, ఇంజను ఒక ఎత్తు. దానికి ఆయన స్వయంగా పాలిష్ పట్టారు. అందులో చూసుకుని నేను బొట్టు పెట్టుకోవచ్చు. కానీ ఒక పక్కన రెండు వేళ్ల వెడల్పు చోటు నల్లగా, జిడ్డుగా వదిలేశారు. "ఇదేంటండీ, మొహం కడుక్కుని చెవి వెనక వదిలేసినట్టు?" అని అడిగితే "అక్కడ ఉండనీ, అది నంబరు" అన్నారు. నంబరంటే బండికి ముందూ వెనకా పలక మీద ఉండేదే కదా, ఇంకో నంబరేమిటి అనుకున్నాను. ఇంకోసారి అడగలేదు.

సీటు రావడానికి ముందటి దసరాకి ఆయన కర్మాగారంలో ఆయుధపూజకి వెళ్లారు. ఇంట్లో పూజ నాది. కత్తిపీట, సుత్తి, పట్టకారు అన్నీ కడిగి బొట్లు పెట్టాను. చివరికి బండి దగ్గరికొచ్చాను. సవతైనా పండగ పూట పండగే కదా. అంతా తళతళలాడుతుంటే ఆ నల్ల మచ్చ ఒక్కటీ కంట్లో నలుసులా ఉంది. చింతపండుతో తోమాను, పోలేదు. ఇటుక పొడి వేశాను, కొంచెం పోయింది. ఆయన పెట్టెలోంచి గరుకు కాగితం తీసి గంట సేపు రుద్దాను. వేళ్లు మండాయి గానీ మచ్చ పోయింది. దాని మీద పసుపూ కుంకుమా పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాను. సాయంత్రం ఆయన వచ్చి ఇంజను దగ్గర వంగి చాలాసేపు చూసి "బాగుంది" అన్నారు. నేను పొంగిపోయాను.

దసరా వెళ్లిన తొమ్మిది నెలలకి సీటు వచ్చింది, బండి బేరానికి వచ్చింది.

మొదట వచ్చింది ఆయనతో పనిచేసే మనిషే. బండి చుట్టూ రెండుసార్లు తిరిగి "కొన్నప్పటి బండి కొన్నట్టు ఉంటే కళ్లు మూసుకుని తీసుకునేవాణ్ణి బావగారూ" అని టీ తాగి వెళ్లిపోయాడు. రెండో రోజు సంగారెడ్డి నుంచి బట్టల కొట్టాయన వచ్చాడు. బండిని చూసి ముక్కు మీద వేలేసుకున్నాడు.

"ఏంది సారూ, గిది బండా, పెండ్లి గుర్రమా?"

కొట్టాయన ఒక్కొక్కటే తడుముతూ ధర తగ్గించుకుంటూ పోయాడు. హ్యాండిలు మార్చుకోవాలి, దానికింత తగ్గించు. సైలెన్సరు మార్చుకోవాలి, దానికింత. "ఇగ గీ నెమలిని తుడిపియ్యాలంటె నాకే ఖర్చయితది" అన్నాడు. ఆయన మోజుపడి పెట్టిన ప్రతి రూపాయీ ధర పెంచుతుందనుకుంటే, ఒక్కొక్కటీ ఇంకో రూపాయిని కూడా వెంట తీసుకుని పోయింది. ఆ కొట్టాయన చివరికి అన్న ధరకి నా ఫీజులో సగం కూడా రాదు.

అతను వెళ్లగానే నేను మొదలుపెట్టాను. ఆ మాటలు ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తుంది. నా గాజులు నెమలికి తగలేశారన్నాను. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడం చేతకాని మనిషన్నాను. నా బతుకు ఆ హారనులో ఊదేశారన్నాను. ఆయన నిచ్చెన వేసుకుని అటక మీంచి పాత హ్యాండిలూ, పాత సైలెన్సరూ దించారు. రెండు సాయంత్రాలు కూర్చుని అన్నీ విప్పి పాతవి బిగించారు. "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అని గుమ్మంలోంచి దెప్పుతూనే ఉన్నాను. నెమలి మాత్రం మిగిలింది. మళ్లీ రంగు వేయించడానికి డబ్బూ లేదు, టైమూ లేదు.

ఒక సంగతి నాకు అప్పుడు అర్థం కాలేదు. పని అంతా అయిపోయాక కూడా ఆయన ఇంజను పక్కన కూర్చుని, తల అటూ ఇటూ వంచి వెలుతురులో దాన్నే చూసేవారు. చెమట తుడుచుకునేవారు. బండి మీద బెంగ అనుకున్నాను. నా బెంగ నాది. అన్నం సహించేది కాదు. పొద్దున లేవగానే వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. సోమవారం వచ్చింది, ఎవరూ రాలేదు.

మంగళవారం హత్నూర నుంచి ఒక రైతు వచ్చాడు. అరవై దాటినాయన, తలకి రుమాలు. బండి స్టార్ట్ చేయించి విన్నాడు, చక్రాలు నొక్కి చూశాడు. నేను వంటింట్లోంచి దేవుళ్లందరికీ మొక్కుతున్నాను. ఆయన నెమలి దగ్గర ఆగాడు. ఇక అయిపోయిందనుకున్నాను.

"గిది మంచిగున్నది. ఉండనియ్యి. మా ఆడోళ్లకు నచ్చుతది" అన్నాడు.

బేరం కుదిరింది. ఫీజు పోగా పుస్తకాలకి కూడా మిగిలే ధర. ఆయన రొంటిలోంచి డబ్బు తీయబోతుంటే మా ఆయన వారించారు.

"ఇప్పుడొద్దండీ. రేపు సంగారెడ్డిలో బండి మీ పేరు మీదకి మారాక ఇవ్వండి."

నాకు ఒళ్లు మండిపోయింది. చేతికొచ్చిన డబ్బు వద్దనే మనిషిని ఎక్కడా చూడలేదు. ఆ రాత్రంతా ఆ ముసలాయన మనసు మారుతుందేమోనని నాకు కునుకు లేదు.

బుధవారం పొద్దున్నే ముగ్గురం సంగారెడ్డి రవాణా ఆఫీసుకి చేరాం. అక్కడొక పద్ధతి ఉంది. ఇంజను మీద చెక్కిన నంబరు మీద పల్చటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దితే అంకెలు కాగితం మీదకి దిగుతాయి. ఆ కాగితం అధికారికి చూపించాలి. మా ఆయన వంగి కాగితం పెట్టి రుద్దారు. మళ్లీ రుద్దారు. ఆయన రుద్దుతున్న చోటు అప్పుడు చూశాను. నేను దసరా రోజు మచ్చ పోగొట్టిన చోటది.

అధికారి కాగితం కిటికీ వైపు పెట్టి చూశాడు.

"మూడు అంకెలు ఏడికి పోయినయి?"

"అరిగిపోయినట్టున్నాయి సార్."

"ఏం పని జేస్తరు మీరు?"

మా ఆయన మెల్లగా "పాలిషింగ్ సార్" అన్నారు.

గోరుచుట్టు మీద రోకలిపోటంటే అదే. అధికారి కుర్చీలో వెనక్కి వాలాడు. "గట్లనా! పాలిష్ పట్టెటోనికి నంబరు ఏడుంటదో తెల్వదా? దొంగబండ్ల నంబర్లు రుద్దెటోళ్లు గూడ గిట్లనే చెప్తరు. ఠాణాకు రాసి పంపిస్త. ఆళ్లే చూసుకుంటరు."

రైతు రెండడుగులు వెనక్కి వేశాడు. చేతిలో ఉన్న డబ్బు మూట మళ్లీ రొంటిలోకి దోపుకున్నాడు. ఆయన్ని తప్పుపట్టలేను. భయంతో నేనే సగం చచ్చిపోయాను. రేపు ఫీజుకి ఆఖరు రోజు. అంతకంటే, మా ఆయన్ని దొంగ అంటున్నారు. ఒకరి చీపురుపుల్ల కూడా తీయని మనిషిని.

"నాదే పొరపాటు సార్. పాలిష్ చేసేటప్పుడు చూసుకోలేదు" అన్నారు మా ఆయన. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

ఆ మాటతో నా గుండె పగిలింది. పొరపాటు ఒప్పుకోవడం నాకు పుట్టుకతో రాని విద్య. ఉప్పెక్కువైతే ఉప్పుని తిట్టేదాన్ని. అలాంటిదాన్ని అంతమంది మగవాళ్ల మధ్య ముందుకు నడిచాను.

"ఆయన కాదండీ. నేను రుద్దాను. దసరా పండక్కి ఇటుక పొడేసి నేనే రుద్దాను. నల్లగా ఉంది, మురికి అనుకున్నాను. అలా ఉండనీ అని ఆయన చెప్పారు కూడా. నేనే వినలేదు."

ఏడుపు ఆపుకోలేకపోయాను. అప్పుడు రైతు నవ్వాడు.

"జెర ఆగుండ్రి సారూ. మా ఇంటిది గూడ గంతే. బాయికాడి మోటరు మీది రేకును దసరాకు రుద్ది రుద్ది, దాని మీది పేరే పోగొట్టింది. గిది ఆడోళ్ల పనే, దొంగల పని గాదు. దొంగలు బొట్టు పెడ్తరా?"

నిజమే. ఇంజను సందులో కుంకుమ ఇంకా ఎర్రగానే ఉంది.

అధికారి లేచి వచ్చి స్వయంగా చూశాడు. మేం తెచ్చిన కొన్నప్పటి బిల్లులో నంబరుతో మిగిలిన అంకెలు సరిచూశాడు. బండి చట్రం మీద చెక్కిన ఇంకో నంబరు చెక్కుచెదరలేదు. చివరికి నా ముందు ఒక తెల్ల కాగితం పెట్టాడు.

"జరిగింది రాసియ్యమ్మా. ఉన్నది ఉన్నట్టు."

రాశాను. చింతపండు, ఇటుక పొడి, గరుకు కాగితం, గంట సేపు. కింద సంతకం చేశాను. ఆయన చదివి, నా వంక చూసి, "అక్షరాలు ముత్యాలోలె ఉన్నయి. టీచరా?" అని అడిగాడు.

"ఇంకా కాదండీ. రేపు ఫీజుకి ఆఖరు రోజు."

ఆయన సంతకం పెట్టి ముద్ర వేశాడు.

బయటికొచ్చాక రైతు గొంతు సవరించుకున్నాడు. "బిడ్డా, ఏమనుకోకు. రేపు నేను అమ్మబోతే నన్ను గూడ గిట్లనే నిలబెడ్తరు. జెర తగ్గియ్యాలె." ఆయన తగ్గించమన్నది న్యాయమే, ఒప్పుకున్నాం. పుస్తకాల డబ్బు పోయింది, ఫీజు మిగిలింది. చివరికి ధర తగ్గించింది మా ఆయన హ్యాండిలూ హారనూ నెమలీ కాదు, నా ఇటుక పొడి.

బండి హత్నూర దారి పట్టింది. మేం పటాన్‌చెరు బస్సు ఎక్కాం. వారం రోజులుగా ఆయన్ని అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి.

"దసరా రోజే చూశారా?" అని అడిగాను.

"చూశాను."

"మరి ఒక్క మాటైనా అనలేదేం?"

"అంటే అంకెలు తిరిగొస్తాయా? నీ వేళ్లు చూశాను, బొబ్బలెక్కి ఉన్నాయి. వెలుతురులో చూస్తే అంకెలు లీలగా కనిపించేవి. కాగితం మీదకి కూడా దిగుతాయేమోనని ఆశపడ్డాను."

తొమ్మిది నెలలు. ఈ వారమంతా నేను గుమ్మంలో నిలబడి దెప్పుతుంటే ఆయన ఆ మాటని కడుపులో పెట్టుకుని పాత సైలెన్సరు బిగించుకుంటూ కూర్చున్నారు. తల కిటికీకి ఆనించి ఏడ్చాను. బండి పోయినందుకు మీకు బాధగా లేదా అని అడిగాను. ఉంది అన్నారు. మళ్లీ ఆయనే అన్నారు.

"రేపు ఫీజు కట్టేచోట సంతకం ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టు. నల్లగా ఉందని మాత్రం దేన్నీ రుద్దకు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బస్సులో అందరూ చూస్తున్నా ఆయన చెయ్యి పట్టుకుని, పటాన్‌చెరు వచ్చేదాకా వదల్లేదు.