రేకుల గదిలో టమేటా రొట్టె

నా చిన్నప్పుడు, తొమ్మిదో ఏడు అనుకుంటాను, మా నాయన పొద్దున్నే నన్ను ఇంట్లో పెట్టి బయట తాళం వేసి పనికి పోయేవాడు. అమ్మ అంతకు ముందు ఏడే చనిపోయింది. రేణిగుంటలో గూడ్సు బండ్ల నుంచి మూటలు దించే పని ఆయనది. ఇంటి ముందు లారీల రోడ్డు. పిల్ల ఏ చక్రం కింద పడుతుందోనని ఆయన భయం. ఎంత ప్రేమో అని వీధంతా మెచ్చుకుంది. లోపల ఉన్నది నేను.

ఒకటే గది, పైన రేకులు. పన్నెండయ్యేసరికి గోడ తాకితే చెయ్యి చురుక్కుమనేది. బిందెలో నీళ్లు కూడా కాగేవి. కిటికీ ఊచలకు ముఖం ఆనించి గాలి కోసం నిలబడేదాన్ని. సాయంత్రం చెప్పుకుంటే నాయన, "నీడన ఉండావు కదా పాపా, నీకేం?" అనేవాడు. ఆయన వచ్చే వేళకు గది చల్లబడి ఉండేది. ఇక ఎట్లా నమ్ముతాడు?

పక్కింటి అక్క ఆస్పత్రిలో ఆయా. రాత్రి డ్యూటీ కాబట్టి పగలు ఇంట్లోనే ఉండేది. ఒకరోజు కిటికీ దగ్గరికి వచ్చి అడిగింది.

"మీ నాయన మధ్యానం ఏం తింటాడే?"

"టీ తాగుతాడంతే. నన్ను పొయ్యి ముట్టించొద్దన్నాడు."

"పొయ్యితో పనేముండాది? సూడు, నేను జెప్తా."

ఊచల సందులోంచి బేకరీ రొట్టె ముక్కలు నాలుగు, గట్టి టమేటాలు రెండు ఇచ్చింది. టమేటాలు చక్రాలుగా కోసి, ఉప్పు చల్లి, పళ్లెం వాల్చి నీళ్లు కారనివ్వాలి. ఇంట్లో ఉన్న చెనిక్కాయల పొడిలో, అదే వేరుశనగ పొడిలో, రెండు చుక్కల నూనె కలిపి రొట్టెకు దట్టంగా పూశాకే చక్రాలు పెట్టాలి. లేకుంటే మధ్యాహ్నానికి ముద్దయిపోతుంది. అన్నీ చెప్పి, "లోపల ఏముందో మాత్రం మీ నాయనతో అనొద్దు" అంది.

మర్నాడు నాయన స్నానం చేసి వచ్చేలోపు చేసి, అరిటాకులో చుట్టి చేతిలో పెట్టాను. మురిసిపోయాడు. తాళం మాత్రం వేసే పోయాడు.

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ తలుపు తెరుచుకుంది. నాయన! ఒళ్లంతా చెమట, చేతిలో విప్పిన పొట్లం.

"జొరమా పాపా? ఎప్పట్నించి? నాకు చెప్పలేదేమే?"

ఆ రోజుల్లో మా ఇళ్లలోకి రొట్టె వచ్చేది జ్వరం వచ్చినప్పుడే. జ్వరప్పిల్ల తాను తినాల్సిన రొట్టె నాయనకు కట్టిచ్చిందనీ, ఆ పిల్లను లోపల పెట్టి తాళం వేసి వచ్చాననీ అనుకుని, పని వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. నా నుదురు ముట్టి చూస్తే కాలిపోతోంది. అది గది వేడి.

అక్క గడప దగ్గర నిలబడింది. "పాపకు జొరం లేదు, ఏం లేదన్నా. ఈ ఎండలో ఉరికినావు, నీకే వచ్చేట్టుండాది. ఎట్లాగూ వచ్చినావు, రవ్వంతసేపు లోపల కూర్చో."

కూర్చున్నాడు. నీళ్లు నోట్లో పోసుకుని ఉమ్మేశాడు. గోడకు ఆనుకోబోయి లేచాడు. కాసేపటికే వాకిట్లోకి పోయి, వెనక్కి తిరిగి, ఇంకా లోపలే కూర్చున్న నన్ను చూశాడు.

"నాకు అలవాటే నాయనా" అన్నాను.

ఆయన ముఖం నేను మరిచిపోలేదు. గడప మీద కూర్చుని రొట్టె సగం నాకిచ్చాడు. ఆ మర్నాటి నుంచి తలుపుకు తాళం లేదు. పగలంతా అక్క వాళ్లింట్లో ఉండేదాన్ని.

"నెల్లాళ్లు మొత్తుకున్నా, వినలే మీ నాయన. ఒక్క మధ్యానం ఇంటికి రప్పిస్తే చాలనుకున్నా" అని అక్క తర్వాత చెప్పి నవ్వింది.

బడి మాత్రం నాకు అప్పుడు దొరకలేదు. అక్షరాలు నలభై దాటాక నేర్చుకున్నాను. అక్క ఉపాయం మాత్రం అంతకంటే ముందే నేర్చుకున్నాను. మొన్న మా కోడలు వంటగదిలో ఊపిరాడటం లేదంటే నా కొడుకు నవ్వాడు. నేను వాదించలేదు. వాణ్ణి చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, అన్నం, పులుసు ఉడికేదాకా ఆ గ్యాసు పొయ్యి పక్కనే నిలబెట్టాను. మర్నాడు వాడే మేస్త్రీని పిలుచుకొచ్చి గోడకు కిటికీ పెట్టించాడు.