అర చుట్టు

మా బావ లిఫ్టు మెకానిక్. పద్నాలుగు మేడల లిఫ్టులు ఆయన చేతిలో ఉన్నాయి. పైబొత్తాం నొక్కితే పెట్టె పైకీ, కిందిబొత్తాం నొక్కితే కిందికీ పోయేలా చూడటం ఆయన ఉద్యోగం. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, ముందు ముందు అవసరం పడుతుంది.

ఆదివారం వస్తే ఆయన మెకానిక్ కాదు, పైలట్. నల్ల కళ్ళద్దాలు పెట్టుకుంటాడు. ఛాతీ మీద రెక్కల బొమ్మ కుట్టిన చొక్కా వేసుకుంటాడు. ఆ బొమ్మ కుట్టింది నేనే. ఎడమ రెక్క పెద్దగా వచ్చిందని రెండుసార్లు విప్పించాడు. ఎగరేసేది మాత్రం బారెడు బొమ్మ విమానం. దానికీ ఈయనకీ మధ్య యాభై అడుగుల పొడవున రెండు సన్నటి ఉక్కు తీగలుంటాయి. ఈయన మైదానం మధ్యలో పిడి పట్టుకుని నిలబడతాడు. పిడి వెనక్కి వంచితే ఒక తీగ లాగుతుంది, తోక రెక్క లేస్తుంది, విమానం పైకెళ్తుంది. ముందుకు వంచితే కిందికొస్తుంది. విద్యంతా అంతే. ఇంజన్లో నూనె అయిపోయేదాకా అది గానుగెద్దులా చుట్టూ తిరుగుతుంది, మధ్యలో ఈయన కూడా తిరుగుతాడు. పన్నెండేళ్ళుగా తిరుగుతున్నాడు. ఒక్క బహుమతి రాలేదు.

నేను అక్కవాళ్ళింటికి వచ్చి నాలుగేళ్ళయింది. తొమ్మిదో తరగతి మధ్యలో అమ్మ మంచాన పడితే నా బడి ఆగింది. అమ్మ పోయాక అక్క తీసుకొచ్చేసింది. స్కూలు యూనిఫాంలు కుడుతుంటాను. నా మిషను బాత్రూం ముందు సందులో ఉంటుంది. ఎవరు లోపలికెళ్ళాలన్నా నేను లేచి స్టూలు జరపాలి. బావ రోజుకి ఆరుసార్లు వెళ్తాడు.

ఇంట్లో ఇంకో గది లేదా అంటే ఉంది. వెనకగది. దాని తలుపు మీద ‘హ్యాంగర్’ అని, అంటే విమానాలు పెట్టే షెడ్డని, బావ తెల్ల రంగుతో రాసుకున్నాడు. లోపల ముక్కు విరిగినవీ, రెక్క ఊడినవీ ఏడు విమానాలు, నూనె డబ్బాలు, విమానం ముక్కుకుండే పంకాల ముక్కలు ఉంటాయి. ఆ ఇంజను నూనెలో ఆముదం కలుస్తుంది. తలుపు తీస్తే చాలు, ఇల్లంతా ఆ వాసనే.

ఆ వారం యూనిఫాంల షాపాయన నన్ను ఆపి, "అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషనొకటి ఖాళీగా ఉందమ్మా. నీ కుట్టు బాగుంటుంది కాబట్టి అడుగుతున్నా. పెట్టుకోడానికి గదుంటే సోమవారం పంపిస్తా. లేకపోతే వేరేవాళ్ళకి ఇచ్చేస్తా" అన్నాడు. నేను ఇంటికొచ్చి అక్కతో చెప్పాను. అక్క ఆ రాత్రే అన్నాల దగ్గర ఆ మాట ఎత్తింది.

"వెనకగది ఖాళీ చెయ్యండి."

"హ్యాంగర్‌నా?"

"ఎగిరేవి పెడితే హ్యాంగర్. పడ్డచోటు నుంచి ఏరుకొచ్చినవి పెడితే పాత సామాన్ల కొట్టు."

బావ ముద్ద ఆపి నా వైపు చూశాడు. "ఇది నీ ఆలోచనేనా చీమా?" నన్ను అలాగే పిలుస్తాడు. నా గొంతు బయటికి రాదని.

"దాన్నెందుకు అంటారు? నేనే అడుగుతున్నా."

"సరే, ఈ ఆదివారం పోటీ ఉంది కదా. మొదటి మూడు స్థానాల్లో రాకపోతే గది మీ చెల్లెలిదే. వస్తే మాత్రం ఈ ఇంట్లో మళ్ళీ ఆ గది ఊసెత్తకూడదు."

"మాట మీద ఉంటారా?"

"నేనేనాడైనా మాట తప్పానా?"

అక్క మజ్జిగ గిన్నె ఆయన ముందుకి తోసింది. పన్నెండేళ్ళలో ఒక్కసారీ మొదటి మూడు స్థానాల్లో రాని మనిషికి ఇంత ధైర్యం ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకర్థం కాలేదు.

శనివారం మైదానంలో అర్థమైంది. ఆ రోజు పేర్లు రాయించుకుని, తీగలు గట్టివో కావో త్రాసు కట్టి లాగి చూస్తారు. అసలు పోటీ ఆదివారం. బల్ల మీదున్న పట్టికలో బావ పేరు ‘కొత్తవాళ్ళ విభాగం’లో ఉంది. ఒక్క బహుమతీ రానివాళ్ళు ఎన్నేళ్ళయినా అందులోనే ఉండొచ్చట. బావతో కలిపి మూడే పేర్లున్నాయి. ఒకాయన కళ్ళజోళ్ళ కొట్టాయన, రెండో ఆయన డ్రైవింగ్ స్కూలాయన. ఉన్నదే ముగ్గురైతే మూడోస్థానం రాకుండా పోవాలన్నా కుదరదు.

"ముగ్గురే అని అక్కకి చెప్పకు" అన్నాడు బావ. తర్వాత తనే నవ్వుకుని, "చెప్పవులే, నీకు నోరెక్కడిది" అన్నాడు.

డ్రైవింగ్ స్కూలాయన వెనకనుంచి అందుకున్నాడు. "ఏం కెప్టెన్, ఇంకా కొత్తవాళ్ళలోనేనా? మా స్కూల్లో ఎంత మొద్దుకైనా ‘ఎల్’ బోర్డు ఆర్నెల్లకి పీకేస్తాం."

"మీ కార్లకి బ్రేకులుంటాయి. ఆకాశంలో బ్రేకులుండవు."

"మీ విమానానికి ఉన్నాయిగా. నేల."

కళ్ళజోళ్ళ కొట్టాయన అద్దాలు తుడుచుకునే నెపంతో తల వంచి నవ్వాడు. న్యాయనిర్ణేతగా రిటైరైన డ్రాయింగు మాస్టారొకాయన కూర్చున్నారు. ఆయన అందరికీ వినబడేలా రూలు చదివారు. కనీసం ఒక చుట్టు పూర్తయితేనే ఎగిరినట్టు లెక్క. కాకపోతే పట్టికలో పేరుండదు. స్థానమూ ఉండదు.

"ఒక చుట్టు" అన్నాడు బావ, పిల్లలు లెక్కల్లో ఒకటీ ఒకటీ కూడినట్టు తేలిగ్గా.

చుట్లు లెక్కపెట్టేది మాస్టారు కాదు. విమానాన్ని పట్టుకుని వదిలే మనిషి బయట నిలబడి ఒకటి, రెండు అని గట్టిగా అరవాలి. మధ్యలో తిరిగేవాడికి కళ్ళు తిరిగి లెక్క అందదు, మాస్టారి కళ్ళేమో గిరికీల మీద ఉంటాయి. అందుకని ఆ మనిషి చెప్పిందే కాగితం మీదికెక్కుతుంది. ఇది ఆ మైదానంలో ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. బావ మూడేళ్ళుగా ఆ పనికి నన్ను తీసుకెళ్తున్నాడు. రెక్కల మీద పల్చటి కాగితం ముడత లేకుండా అతికించేది నేనేగా, అందుకనుకునేదాన్ని. పోయినేడు నేను అయిదు అన్నాను. బావ మాస్టారి దగ్గరికెళ్ళి, "ఎనిమిదండీ. మా మరదలు చెప్పింది, దాని గొంతు మీదాకా రాలేదు" అన్నాడు. మాస్టారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. ఎనిమిదని రాసుకున్నారు. అప్పుడు తెలిసింది నన్ను ఎందుకు తెచ్చుకుంటాడో. ఆ ఎనిమిదితో కూడా తొమ్మిదిమందిలో ఏడోవాడయ్యాడు, అది వేరే సంగతి.

శనివారం సాయంత్రం హ్యాంగర్‌లో కూర్చుని పిడికి మెరిసే నల్ల టేపు చుట్టాడు. ఫొటోల్లో బాగా పడుతుందట. పిడికి ఏది పైవైపో తెలియడానికి ఒక చివర ఎర్ర చుక్క ఉంటుంది. టేపు కింద అది కనబడకుండా పోయింది. పిడి తిరగేసి పట్టుకుంటే వెనక్కి వంచినప్పుడు విమానం కిందికెళ్తుంది.

"బావా, చుక్క మూసుకుపోయింది" అన్నాను.

"పన్నెండేళ్ళ చెయ్యికి చుక్కలు కావాలా? బొట్టు పెట్టి పంపించమంటావా?"

నేను జిగురు డబ్బాకి మూత పెట్టి లేచాను.

ఆదివారం బావ వంతు మూడోది. కళ్ళజోళ్ళ కొట్టాయన పదకొండు చుట్లు తిప్పి, ఒక గిరికీ కొట్టించి, మెత్తగా దింపాడు. డ్రైవింగ్ స్కూలాయనవి తొమ్మిది. ఇక బావ లేచాడు. అక్క రాలేదు. ఇంట్లో బట్టలు నానబెట్టింది.

ఎగిరేముందు ఒక తంతు ఉంది. పిడి పట్టుకున్నవాడు ‘పైకి’ అని చూపించాలి, విమానం పట్టుకున్నవాళ్ళు తోక రెక్క లేచిందని చెయ్యెత్తాలి. తర్వాత ‘కిందికి’. అరనిమిషం పని. మొదటి ఇద్దరూ చేశారు.

"ఒకసారి పైకి చూపించండి బావా" అన్నాను, ఆయన పంకా తిప్పి ఇంజను అంటిస్తుంటే.

"అవి కొత్తవాళ్ళకి."

మనమున్నది కొత్తవాళ్ళలోనే కదా అనుకున్నాను. ఆయన గడ్డిలో పడేసున్న పిడి వైపు నడిచాడు, నడుస్తూనే ఫొటో తీసేవాడి కోసం ఒకసారి ఆగాడు. వంగి పిడి తీసుకున్నాడు. తీసుకున్నాక డాబుగా చెయ్యి వెనక్కి వంచాడు. నా చేతుల్లో విమానం వణుకుతోంది. తోక రెక్క లేవలేదు, కిందికి వాలింది.

నేను తల అడ్డంగా ఊపాను.

"వదులు" అని అరిచాడు.

మళ్ళీ ఊపాను.

"వదలవే మొద్దు మొహమా, నూనె అయిపోతోంది."

అరుపుకి మాస్టారు సహా అందరూ నా వైపు తిరిగారు. అనుమానం ఉంటే వదలకుండా పట్టుకునే హక్కు నాకుంది, అదీ రూలే. ఇంకోసారి తల ఊపొచ్చు. ఊపలేదు. వదిలేశాను.

విమానం గడ్డి మీద పరిగెత్తి, ఎక్కడో మిట్ట తగిలి తనంతట తనే మూడడుగులు లేచింది. బావకి సంతోషం వేసినట్టుంది, ఇంకా పైకి లేపుదామని చెయ్యి వెనక్కి వంచాడు. అది నేలకేసి ముక్కు గుచ్చుకుంది. కిందికెళ్తోందని ఇంకా గట్టిగా వంచాడు, ఇంకా గట్టిగా గుచ్చుకుంది. నెల్లాళ్ళు నేనతికించిన కాగితం చింపిరి గుడ్డలా తీగలకి వేలాడింది. అంతా రెండు, మూడు సెకన్లు. మాస్టారు స్టాప్‌వాచీ నొక్కి తలెత్తేసరికే అయిపోయింది.

మైదానంలో ఎవరూ నవ్వలేదు. డ్రైవింగ్ స్కూలాయన ఒక్కడే, "కెప్టెన్, మీ లిఫ్టులు కూడా ఇంతేనా? రేపట్నుంచి మెట్లెక్కుతా" అన్నాడు.

బావ ఆముదం తాగిన మొహంతో వచ్చాడు. ముందు గాలి అన్నాడు. తర్వాత తీగ అన్నాడు. తర్వాత, మరదలు వంకరగా వదిలిందన్నాడు. అన్నీ అయ్యాక అసలు మాటకొచ్చాడు.

"ఒక చుట్టు పూర్తయిందండీ మాస్టారూ. అవతల అంచున ఆ జెండా దగ్గర బయల్దేరి, మళ్ళీ అక్కడికే వచ్చి పడింది కదా."

"చుట్టా? నేను చూళ్ళేదు. మీరిద్దరూ చూశారా?" అని మాస్టారు మిగతా పోటీదార్లని అడిగారు.

"పోటీదార్ల మాట చెల్లదు" అన్నాడు బావ వెంటనే. రూళ్ళన్నీ ఆయనకి కంఠతా వచ్చు, అవసరమైనవి. "లెక్క చెప్పేది మా మరదలు. ఒకటి అంది. ఇంజను మోతలో మీకు వినబళ్ళేదు. దాని గొంతు తెలుసుగా."

"ఇప్పుడు ఇంజను లేదుగా" అన్నారు మాస్టారు. పెన్ను పట్టికలో బావ పేరు పక్కన పెట్టి నా వైపు తిరిగారు. "ఎంతమ్మా?"

బావ నా పక్కకి జరిగి నిలబడ్డాడు. చొక్కా మీది రెక్కలు నా కళ్ళకెదురుగా ఉన్నాయి. ఎడమది నిజంగానే కొంచెం పెద్దది.

"సగం" అన్నాను.

"ఆ?" అన్నారు మాస్టారు.

"అర చుట్టండి. జెండా దగ్గర కాదు, ఇక్కడే వదిలాను. అదుగో, ఎదురుగా పడింది."

చూడ్డానికొచ్చినవాళ్ళ డేరాలో వెనక కుర్చీల వాళ్ళకి కూడా వినబడింది. మాస్టారు బావ పేరు మీద స్కేలు పెట్టి గీత గీశారు. డ్రాయింగు మాస్టారు కదా, గీత చాలా తిన్నగా వచ్చింది.

ఇంటికొచ్చాక బావ అక్కతో, "నీ చెల్లెలు వెన్నుపోటు పొడిచింది" అన్నాడు. అక్క నన్ను జరిగిందంతా చెప్పమంది. ముగ్గురే పోటీదార్లని చెప్పినప్పుడు తడిచేతులు నడుముకి తుడుచుకుని, "ముగ్గుర్లో మూడోవాడు కూడా కాలేకపోయారా?" అంది. చాలా మామూలుగా అడిగింది. ఆయన ఆ రోజంతా దేనికీ అంత చిన్నబుచ్చుకోలేదు.

రాత్రికల్లా గది ఖాళీ అయింది. తలుపు మీది అక్షరాలు మాత్రం గీకినా పోలేదు. సోమవారం మిషనొచ్చింది. నేల నాలుగుసార్లు కడిగినా ఆముదం వాసన పోక, కుట్టిన యూనిఫాంలు ఆరుబయట వేలాడదీసి పంపుతున్నాను.

బావ ఇప్పుడు ఆదివారాలు ఇంట్లోనే ఉంటాడు. వచ్చినవాళ్ళకి, తల్లిలేని మరదలికి దారి చూపించడం కోసం ఎగరేయడమే మానుకున్నానని చెప్తాడు. వినేవాళ్ళు అయ్యో అంటారు. మొన్న ఆయన కింద పనిచేసే అతనొచ్చాడు. బావ హాల్లో కూర్చుని ఆఖరి పోటీ సంగతి చెప్తున్నాడు. ఎదురుగాలట. అయినా ఏడు చుట్లు కొట్టాడట.

నేను మిషను ఆపి, లోపల్నుంచే "సగం" అన్నాను.