నీలం చేపకు కొత్త గుంజ

మేత మేయడం కళ్లారా చూడకుండా మా మామయ్య ఏ ప్రాణినీ ఇంటికి తీసుకురాడు. బర్రెల బేరానికి పోతే అమ్మేవాళ్ల కొట్టంలోనే చాప వేసుకుని కూర్చునేవాడట. సాయంత్రం పాలు, మళ్లీ తెల్లారి పాలు, మధ్యలో దాణా తినే తీరు, నెమరు, నడక, అన్నీ చూశాకే బేరం మాట ఎత్తేవాడట. నలభై ఏళ్లలో ఒక్క బర్రెను కూడా వాపసు ఇవ్వలేదని మా అత్తమ్మ ఇప్పటికీ గొప్పగా చెబుతుంది. ఈ పద్ధతిని ఆయన రెండంగుళాల చేప మీద కూడా ప్రయోగిస్తాడని మాత్రం నేను కలలో కూడా అనుకోలేదు.

చేపల పిచ్చి నాది. నేను బడిలో సైన్సు చెబుతాను. ఒకసారి పళ్ల డాక్టరు దగ్గర నా వంతు కోసం కూర్చుని, అక్కడున్న ఉప్పునీళ్ల అక్వేరియం చూస్తూ పన్ను నొప్పి సంగతే మర్చిపోయాను. ఆ రంగులు మంచినీళ్ల చేపల్లో రావు. ఇంటికొచ్చి అదే కావాలని పట్టుబట్టాను. "మామూలు చేపలు పెట్టుకోరాదు, లొల్లి ఉండదు" అన్నాడు మా ఆయన. నేను వినే రకం కాదని ఆయనకు పెళ్లైన వారానికే తెలుసు, కాబట్టి రెండోసారి చెప్పలేదు.

జాగాకు కొదవ లేదు. బహదూర్‌పురా దగ్గర మా గల్లీలో ఒకప్పుడు ప్రతి ఇంటికీ ఒక కొట్టం ఉండేది. ఇప్పుడు బండ్లు నిలుపుకోవడానికే చోటు చాలదు. మామయ్య మోకాళ్లు మొరాయించడంతో మా ఆరు బర్రెలను కూడా ఊరి బయట తెలిసినవాళ్లకు ఇచ్చేశాం. ఆ తర్వాత ఆయన తీరే మారిపోయింది. అలవాటు కొద్దీ పొద్దున నాలుగింటికే లేచేవాడు. ఖాళీ కొట్టంలో ఈ గుంజ నుంచి ఆ గుంజ దాకా నడిచి, తిరిగొచ్చి గడప మీద కూర్చునేవాడు. అడిగిన దానికి ఊ, ఆ అనడమే తప్ప మాట లేదు. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలో గల్లీ చివరి నుంచే ఆయన గొంతు వినిపించేది. ఆ గొంతు లేక ఇల్లు బోసిపోయిందని నాకు అనిపించేది గాని, పైకి అనడానికి ధైర్యం చాలేది కాదు.

దాణా తొట్టి కట్టిన సిమెంటు గద్దె మీద నా గాజు తొట్టి పెట్టించాను. వంద లీటర్లు పడుతుంది. ఉప్పునీళ్ల లెక్కలో అది చాలా చిన్నది. నీళ్లు పోసి, సముద్రపు ఉప్పు కలిపి, రాళ్లు పేర్చి నెల రోజులు ఊరికే వదిలేయాలి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఆ రాళ్లలో స్థిరపడితే తప్ప చేపలు బతకవు. ఈ సంగతి గల్లీలో ఎవరికీ చెప్పి ఒప్పించలేకపోయాను. వచ్చినవాళ్లంతా తొట్టిలోకి తొంగి చూసి "ఏంది, నీళ్లను సాకుతున్నరా?" అని అడిగి పోయేవారు. ఇంట్లో ఇంత ఉప్పు ఉండగా ఉప్పు కొనుక్కొచ్చిన కోడలు అని అత్తమ్మ నన్ను గల్లీ అంతా పరిచయం చేసింది.

ఒకరోజు ఉప్పు సరిపోయిందో లేదో చూడడానికి నీళ్లలో గాజు గొట్టం వేశాను. అది తేలుతూ నిలబడితే దాని మీది గీతలను బట్టి ఉప్పు ఎంతుందో తెలుస్తుంది. గడప మీద కూర్చున్న మామయ్య లేచొచ్చాడు.

"ఏంది బిడ్డా గది? పాల మీటర్ గదా?"

"అసొంటిదే మామయ్యా. ఇది ఉప్పుకు."

ఆయన లోపలికి పోయి, అటక మీది డబ్బాలోంచి తన లాక్టోమీటర్ తెచ్చాడు. నలభై ఏళ్లు పాల చిక్కదనం కొలిచిన గొట్టం అది. తన పంచె చెంగుతో తుడిచి నా తొట్టిలో వదిలాడు. వంగి చూశాడు. ఇరవై అయిదు దగ్గర నిలబడింది.

"ముప్పై ఉండాలె. సముద్రంల గూడ ఎవడో నీళ్లు కలిపిండు" అన్నాడు.

అత్తమ్మ వంటింట్లోంచి నవ్వింది. నేను నవ్వాను. ఆయన కూడా కొంచెం నవ్వాడు. పాలకు ముప్పై అయితే, సముద్రపు నీళ్లకు ఇరవై అయిదే సరైన లెక్క అని చెప్పాను. ఆ మర్నాటి నుంచి ఉప్పు చూసే పని నా చేతిలోంచి పోయింది. పాలు పిండే వేళకు లేచి, గొట్టం వేసి, నేను నిద్ర లేచేసరికి "ఇరవై అయిదున్నది, ఫికర్ లేదు" అని చెప్పేవాడు.

ఇక చేపలు. ఏ చేప ఏ చేపతో కలిసి బతుకుతుందో చదివి చదివి ఒక చీటీ రాసుకున్నాను. కలిసేవాటికి టిక్కు, కలవనివాటికి ఇంటూ. పేపర్లు దిద్దే అలవాటు ఎక్కడికి పోతుంది! వంద లీటర్లకు నాలుగు చేపలు మించకూడదు. నెమ్మదైనవి ముందు, పెంకివి చివర. నారింజ రంగు మీద తెల్ల పట్టీల క్లౌన్ చేపల జంట ముందు వచ్చింది. తర్వాత ఫైర్ ఫిష్. ముందు సగం తెలుపు, వెనక సగం నిప్పు, తల మీద ఈకలాంటి పొడుగాటి రెక్క. మనిషి నీడ పడితే చాలు రాయి సందులోకి దూరిపోతుంది. అత్తమ్మ దాన్ని చూసి "కొత్తకోడలంటె గిట్లుండాలె" అని నా వైపు చూసింది. ఆ రోజు నుంచి దాని పేరు కొత్తకోడలే.

నాలుగోది మామయ్యను ఎంచమన్నాను. అప్పటికి ఆయన మాట్లాడడం మొదలుపెట్టాడు గదా, ఆ ఊపు పోకూడదని నా ఆశ.

చేపల దుకాణం వాడు మాకు కొత్త కాదు. ఉప్పు అమ్మింది అతనే. మామయ్య స్టూలు లాక్కుని తొట్ల ముందు కూర్చున్నాడు.

"మేత వెయ్యి భాయ్. తింటె సూస్త."

"బాపు, పొద్దుగాల్నే వేసిన."

"మళ్ల ఎప్పుడేస్తవ్?"

"శామ్‌కో, పొద్దుగూకినంక."

"కూసుంట."

నిజంగానే కూర్చున్నాడు. దుకాణం వాడు నా వైపు చూశాడు. నేను గోడ వైపు చూశాను. గంట గడిచాక భరించలేక అతనే రెండు చిటికెలు మేత వేశాడు. ఒక తొట్టిలో నీలి రంగు చేప ఒకటి బాణంలా పైకొచ్చి, సగం మేత అదొక్కటే తిని, మిగతా సగం కోసం పక్కవాటిని తరిమింది.

"అగో, ఆకలంటె గది! కన్ను సూడు ఎట్ల మెరుస్తున్నదో. గిదే కావాలె."

అది డామ్సెల్. దుకాణం వాడు తల అడ్డంగా ఊపాడు. "నక్కో బాపు, బహుత్ లడాకూ హై. చిన్న ట్యాంకుల అందర్ని కొడ్తది."

"ఆకలి లేనిది కొట్లాడదు భాయ్. కొట్లాడేదే పాలిస్తది."

నా చీటీలో డామ్సెల్ పక్కన ఇంటూ ఉంది. రెండుసార్లు దిద్ది మరీ పెట్టిన ఇంటూ. చీటీ నా బ్యాగులోనే ఉంది. కాని మామయ్య స్టూలు మీద ముందుకు వంగి, ఎన్నో నెలల తర్వాత పెద్ద గొంతుతో బేరమాడుతున్నాడు. ఆ గొంతు వినగానే నా నోరు మూతపడింది. ఒక్క చేప ఏం చేస్తుందిలే అనుకుని బ్యాగు జిప్పు లాగేశాను.

ఏం చేసిందో రెండో రోజుకే తెలిసింది. నీలం చేప పెద్ద రాయి కింది గుహను పట్టుకుని, తొట్టిలో ముప్పాతిక భాగం నాదే అంది. క్లౌన్ జంట ఒక మూలకు సర్దుకుంది. రెండున్నాయి గనుక ఎదురు నిలబడగలిగాయి. కొత్తకోడలికి మాత్రం దిక్కు లేదు. బయటికి తల పెడితే చాలు, తరిమేది. తోక అంచు చిరిగింది. మూడు రోజులు మేత ముట్టలేదు. ఫైర్ ఫిష్ బెదిరితే నీళ్లలోంచి ఎగిరి బయటపడుతుందని చదివాను గనుక పైన జాలీ మూత బిగించాను. లోపలే చచ్చిపోతే మూత ఏం చేస్తుంది?

అత్తమ్మ ఊరుకోలేదు. "గా నీలందాన్ని వాపసిచ్చి రారాదుండ్రి! పాపం, గది సస్తది" అంది. మామయ్య వింటూనే ఉన్నాడు. మర్నాడు పొద్దున నేను లేచేసరికి గొట్టం డబ్బాలోనే ఉంది. ఆయన గడప మీద ఉన్నాడు. ఉప్పు ఎంతుందో ఎవరూ చెప్పలేదు.

ఆదివారం చేపను పట్టే జాలీ, డబ్బా పట్టుకుని తొట్టి దగ్గరికి పోయాను.

"ఏడికి?" అన్నాడు.

"నీలందాన్ని దుకాణంల ఇచ్చొస్త మామయ్యా."

"ఇచ్చెయ్యి. బర్రెలు పోయినయ్, వాటెంబడి నా కన్ను గూడ పోయింది."

ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. డబ్బా కింద పెట్టి, బ్యాగులోంచి చీటీ తెచ్చి ఆయన ముందు పరిచాను.

"మీ కన్నుకేం కాలె. గిది కొట్లాడతదని నాకు ముందుగాల్నే ఎరుక. గీ ఇంటూ దానిదే. మీరు ఖుషీగ ఉన్నరని నేనే చెప్పలే."

ఆయన చీటీ వైపు, నా వైపు చూశాడు. మెల్లగా లేచాడు.

"ఎరుకుండి చెప్పలే? పొడిచే బర్రెను, పొడుస్తదని చెప్పకుండ అంటగట్టెటోన్ని ఏమంటరో ఎరుకేనా నీకు?"

"దొంగ అంటరు" అంది అత్తమ్మ లోపలి నుంచి, ఎవరూ అడగకుండానే.

"ఇన్నవా? పెద్దోన్ని గదా, చెప్తె ఏడుస్తననుకున్నవా? నేనేమన్న పసిపోరన్నా? బుద్ధుండాలె!"

పది నిమిషాలు తిట్టాడు. ఆ గొంతుకు కొట్టం రేకులు అదిరాయి. ఎదురింటివాళ్లు కిటికీ తెరిచి చూశారు. నేను తల వంచుకుని నిలబడ్డాను గాని, నిజం చెప్పాలంటే నాకు నవ్వు ఆగడం లేదు. ఆ గొంతు కోసమే గదా ఇంత చేసింది.

తిట్టడం అయ్యాక ఆయనే తొట్టి దగ్గరికి నడిచాడు. "అది ఏ జాగ పట్టుకున్నది?"

చూపించాను. "మిగతావాటిని ఆ దరిదాపులకు రానిస్తలేదు."

ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టి వంగి చాలాసేపు చూశాడు. "ఇది మా వంకరకొమ్ము బర్రె తీరున్నది. గిట్లనే కొత్తదాన్ని తొట్టి కాడికి రానియ్యలే. దాన్నేం అమ్మలే మేము. నాలుగు దినాలు బయట గోడకు కట్టేసినం. లోపల అన్నిటి గుంజలు మార్చినం. ఆఖరుకు దాన్ని తెచ్చి కొత్త గుంజకు కట్టినం. జాగ పాతదైతె పెత్తనం జేస్తది. అన్నిటికి జాగ కొత్తదైతె ఎవ్వరి పెత్తనం ఉండదు."

చేపలు పెంచేవాళ్లు కూడా ఇదే చేస్తారని తర్వాత వెతికితే తెలిసింది. నా చీటీలో మాత్రం అది లేదు.

నీలం చేపను కట్టేయడానికి గోడ కావాలి. లాడ్ బజార్‌లో గాజులతో పాటు ఇచ్చిన పెద్ద ప్లాస్టిక్ డబ్బాను అత్తమ్మ త్యాగం చేసింది. దానికి సూది కాల్చి నిండా బెజ్జాలు పెట్టి, బాగా కడిగి, నీలం చేపను అందులో వేసి తొట్టిలోనే ఒక పక్కకు వేలాడదీశాం. నీళ్లు అవే, మేత అదే, దెబ్బలాటే కుదరదు. మామయ్య మోచేతుల దాకా ఉప్పునీళ్లలో ముంచి రాళ్లన్నీ మార్చాడు. పెద్ద గుహ పోయింది. దాని బదులు నాలుగు చిన్న సందులు వచ్చాయి. నీళ్లు కుడితిలా మారి మధ్యాహ్నానికి తేటపడ్డాయి. రెండో రోజు కొత్తకోడలు బయటికి వచ్చి ఒక పలుకు మేత తింది. అత్తమ్మ చప్పట్లు కొట్టబోయి, అది బెదురుతుందని ఆపేసుకుంది.

అయిదో రోజు పొద్దున నీలం చేపను వదిలాం. పెద్ద రాయి ఉన్న చోటికి దూసుకుపోయింది. రాయి లేదు. అక్కడే గిర్రున తిరిగింది. ఇటు పోయింది, అటు పోయింది. చివరికి ఒక మూల సందు చూసుకుని దూరింది. కొత్తకోడలు తన సందు ముందే నిలబడి ఉంది. మామయ్య రెండు చివర్లలోనూ మేత వేశాడు. రెండూ తిన్నాయి. ఇప్పటికీ అప్పుడప్పుడు తరమడం ఉంది గాని, తోక చిరిగేదాకా ఎప్పుడూ పోలేదు. మర్నాడు నన్ను నిద్రలేపింది ఆయన గొంతే. "ఇరవై అయిదున్నది!"

మొన్న ఉప్పు అయిపోతే ఇద్దరం దుకాణానికి పోయాం. ఒకావిడ నీలం చేపల తొట్టి ముందు నిలబడి, ఎక్కువ తినే చేపను చూపించి అదే ఇమ్మంటోంది. దుకాణం వాడు మామయ్యను చూసి నవ్వాడు. మామయ్య స్టూలు లాక్కుని ఆవిడ పక్కన కూర్చున్నాడు.

"తినేది సూసినవ్, మంచిగనే సూసినవ్ బిడ్డా. పక్కదాన్ని తిననిస్తదా లేదా, గది గూడ సూడు. నేను నలభై ఏండ్లు కొనేదాన్ని ఒక్కదాన్నే సూసిన."

అని, నేను విన్నానా లేదా అని వెనక్కి తిరిగి చూశాడు. విన్నాను. ఇంటికొచ్చి చీటీలో రాసుకున్నాను.