తువ్వాలతో తుడిచిన జాగా

నిజాం ఫౌజు బడిలో చేరిన ఆరు నెలలకు నాకు మొదటి సెలవు దొరికింది. మహబూబ్‌నగర్‌లో రైలు దిగి, ఊరి బస్సు కోసం ముసాఫిర్‌ఖానాలో కూర్చుందామని వెళ్తే, ఉన్న ఒక్క బెంచీ మీద ఒక ముసలాయన నిద్రపోతున్నాడు. చేతి బెత్తంతో బెంచీని కొట్టి "ఉఠో!" అని అరిచాను. నా నోట్లోంచి వచ్చింది మా కవాతు ఉస్తాద్ గొంతు. రోజూ పొద్దున ఆ అరుపుకే వణుకుతూ లేచే నేను, దాన్ని ఎప్పుడు నేర్చుకున్నానో నాకే తెలియదు.

ముసలాయన దిగ్గున లేచాడు. నా ఖాకీ బట్టలు, బూట్లు చూసి, తాను పడుకున్న జాగాను తువ్వాలతో గబగబా తుడిచాడు.

"కూసోండ్రి దొరా. జర కన్నంటుకున్నది, తప్పయింది."

మా ఊరి దొర కూర్చోబోతే అలా తుడిచేది మా బాపే. బాపు ఆ దొర గడిలో జీతగాడు.

"నువ్వే కూసో తాతా" అని బతిమాలాను. ఆయన వినకుండా గోడవారన నేల మీద కూర్చున్నాడు. బస్సు వచ్చేదాకా ఆ బెంచీ ఖాళీగానే ఉంది.

పొద్దుగూకే వేళకు ఇల్లు చేరాను. చూపు మందగించిన బాపు నా ఖాకీని చూసి గబుక్కున లేచి, భుజం మీది తువ్వాలతో మంచం తుడిచాడు.

"కూసోండ్రి దొరా. మా పోరడు గూడ గీ ఫౌజులనే ఉన్నడు."